నార్మల్ వరస

బహదూర్‌పురాలో ఉన్న ఒక ధర్మాసుపత్రి పెరట్లో గొర్రె ఒకటి ఉండేది. కోసుకు తినడానికి కాదు, మొక్కు తీర్చడానికీ కాదు. వారానికోసారి మెడ దగ్గరి నరంలోంచి ఇంత రక్తం ఇవ్వడం, మిగతా రోజులు గడ్డి నమలడం, అదే దాని నౌకరీ. పక్కనే జూ కావడంతో మాంసం వేసే వేళకు సింహం గర్జన పెరట్లోకి వినిపించేది. వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు గొర్రె గోడకు అతుక్కుపోయి వణికేదట. తర్వాత తర్వాత చెవి కూడా కదిలించడం మానేసింది.

ఆ రక్తంతో పని రాజమణిది. ఆసుపత్రి ల్యాబులో ఆమె టెక్నీషియన్. కీళ్ళవాతం అనుమానం ఉన్నవాళ్ళ రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుప్పచ్చని నీటిని, అంటే సీరమ్‌ను, వరసగా పెట్టిన చిన్న గాజుగొట్టాల్లో పోసి, గొట్టం గొట్టానికీ పల్చన చేసుకుంటూ పోయేది. వాటిలో, కడిగి కుందేలు సీరమ్ పూసిన గొర్రె రక్తకణాలు వేసి తెల్లారేదాకా కదపకుండా ఉంచేది. పొద్దున వచ్చి అడుగున అద్దం పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. జబ్బు లేకపోతే కణాలన్నీ జారి గొట్టం అడుగున ఎర్రటి గుండీలా కూర్చుంటాయి. ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని అడుగంతా తివాచీలా పరుచుకుంటాయి. పల్చన చేసిన గొట్టాల్లో ఆ తివాచీ ఎంత దూరం పోతే జబ్బు అంత గట్టిదన్నమాట.

పోల్చి చూసుకోవడానికి ప్రతిసారీ చివరన ఆరోగ్యంగా ఉన్న మనిషి సీరమ్ ఒక వరస పెట్టాలి. దాన్ని నార్మల్ వరస అనేవాళ్ళు. పెద్ద పెద్ద చోట్ల దానికి వేరే ఏర్పాట్లు ఉంటాయేమో గాని, ఈ ధర్మాసుపత్రిలో ఉన్న ఏర్పాటు ఒక్కటే. ల్యాబులో ఎవరు కొత్తగా చేరితే వాళ్ళు తమ రక్తం ఇవ్వాలి. రాజమణి తర్వాత కొత్తవాళ్ళెవరూ చేరలేదు. కాబట్టి ఏళ్ళ తరబడి ఆమే నార్మల్. అటెండరు గుండయ్య "నార్మలమ్మా" అని పిలిచి ఏడిపించేవాడు. ఆమె పైకి కసురుకునేది గాని లోలోపల కాస్త గొప్పగానే ఉండేది. ఊళ్ళో జనం బాగున్నదీ లేనిదీ తన రక్తంతో కొలుస్తున్నారంటే ఎవరికి మాత్రం గొప్పగా ఉండదు? ఆ గొప్పే కొంప ముంచింది.

రాజమణి కాపురం లాల్‌దర్వాజాలో. భర్త ప్రకాశం సర్కారు బస్సు డిపోలో మెకానిక్. మహంకాళి గుడి వెనక సందులో, నడిమధ్య నల్లా ఉన్న ఒక లోగిలిలో, ఒక వాటాలో అద్దెకుండేవాళ్ళు. ఎదురు వాటాలో సక్కుబాయి, ఆమె మొగుడు అంజన్న, అత్త బుచ్చమ్మ. అంజన్న బేగంబజారులో హమాలీ. సక్కుబాయి గుడి ముందు దుకాణాలకు పూలదండలు కట్టేది. ఆమె వేళ్ళు ఆడుతుంటే దారం ఎటునుంచి ఎటు పోయిందో కంటికి దొరికేది కాదు. మాట్లాడుతూ, నవ్వుతూ, అత్తకు జవాబు చెబుతూ మూర మీద మూర కట్టి పడేసేది.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఆమె వేళ్ళు మొరాయించాయి. పొద్దున లేవగానే కణుపులు ఉబ్బి, బిగుసుకుపోయి, పిడికిలి మూతపడేది కాదు. పూలబుట్ట ముందు పెట్టుకుని చేతుల వంక చూస్తూ కూర్చునేది. ఎండెక్కేకొద్దీ కొంచెం కొంచెం సడలి, మధ్యాహ్నానికి ఏదో కాస్త పని చేయగలిగేది. వచ్చిన చిక్కల్లా అక్కడే. పొద్దంతా ఒకే తీరుగా బాధపడితే బుచ్చమ్మ నమ్మేదేమో.

"పొద్దుగాల పువ్వు పట్టని చేతులు పగటీలి బువ్వకెట్ల లేస్తున్నయే?" అని లోగిలంతా వినేలా అడిగేది. "ఇగ దీనికి పట్టింది గాలన్న గావాలె, నాటకమన్న గావాలె. రెంటికీ మందు ఎల్లప్పతాన్నే ఉన్నది."

ఎల్లప్ప వాతలు పెట్టేవాడు. ఇనుపకడ్డీ కాల్చి, నొప్పి ఉన్న చోట పెడితే గాలి వదిలిపోతుందని వాడి విద్య. ఆ పేరు వింటేనే సక్కుబాయి మొహం పాలిపోయేది.

ఒకరోజు నల్లా దగ్గర రాజమణి కొంగు పట్టుకుని మెల్లగా చెప్పింది. "అక్కా, పొద్దుగాల కండ్లు తెరుస్తనా, అప్పటికే ఎవరో నా ఏళ్ళు ఒక్కొక్కటే పట్టుకోని కూసున్నట్టుంటది. ఇడిపించుకుందామంటే ఇడువరు. బయటోల్లు గాదక్కా."

"బయటోల్లు గాదని నీకెట్ల తెలుసే?" అంది రాజమణి నవ్వుతూ.

"బయటోల్లు జొరబడితే కుక్క మొరుగుతది గదా? ఏం లొల్లి లేదు. ఇంట్ల మనుషులు వచ్చి పట్టుకున్నట్టు, నిమ్మలంగ పట్టుకుంటున్నరు."

ఆ మాటకు రాజమణి నవ్వు ఆగిపోయింది. ఎండలో నిలబడి ఉన్నా వీపు మీద చల్లటి చెయ్యి పడ్డట్టనిపించింది. "రేపు నా ఎంట దవఖానకు రా. రక్తం చూస్తె అన్నీ తెలుస్తయి. ఫికర్ చెయ్యకు" అని బిందె ఎత్తుకుంది. బుచ్చమ్మ కూడా ఆ మాట ఒప్పుకుంది. దవఖానలో జబ్బని తేలితే సరే, ఏమీ లేదంటే మాత్రం ఎల్లప్పను పిలుస్తానంది.

రక్తం తీసింది రాజమణే. గొట్టాలు పెట్టిందీ ఆమే. మర్నాడు అద్దంలో చూస్తే సక్కుబాయి వరసలో ఎర్రటి తివాచీ పరుచుకుని ఉంది. అయ్యో అనుకుంటూ పక్కకు చూసింది. నార్మల్ వరసలోనూ అలాగే పరుచుకుని ఉంది. రెండూ ఒకే గొట్టం దాకా పోయి ఆగాయి.

ఇలా కావడం అదే మొదటిసారి కాదు. కొన్ని నెలలుగా నార్మల్ వరసలో గుండీ అంచులు చెదురుతూనే ఉన్నాయి. గొర్రె మేత మారినప్పటినుంచి దాని కణాలు తిక్కతిక్కగా ఉన్నాయని రాజమణి తీర్మానించుకుంది. తన రక్తం మారిందేమో అన్న అనుమానం మాత్రం ఆమెకు రాలేదు. కొలబద్దను ఎవరు కొలుస్తారు? నార్మల్‌ను దాటి పోతేనే జబ్బు అన్నది ఆమె నేర్చుకున్న లెక్క. ఇద్దరిదీ ఒకేలా ఉంది కాబట్టి తేడా ఏమీ లేదని రాసి పంపింది. అడుగుదామంటే ల్యాబు పెద్ద, డాక్టర్ వైకుంఠం, కంటి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. ఓపీలో కూర్చున్న కుర్ర డాక్టరు ఆ కాగితం చూసి, బలహీనతమ్మా, బాగా తిను అని నొప్పి మాత్రలు రాసిచ్చాడు.

రెండ్రోజుల తర్వాత రాజమణి డ్యూటీ నుంచి వచ్చేసరికి లోగిలంతా పసుపు వాసన, దాని కింద ఇంకో వాసన. కాలిన తోలు వాసన. సక్కుబాయి గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు మణికట్ల మీదా పసుపు పట్టించిన వాతలు. కళ్ళు పొడిగా ఉన్నాయి. గొట్టాల్లో కనపడిందే రాశాను కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా రాజమణికి ఆ పూట ముద్ద దిగలేదు.

చిత్రమేమిటంటే, వాతల తర్వాత కొన్నాళ్ళు సక్కుబాయి చేతులు కొంత నయమయ్యాయి. ఆ జబ్బు అంతే, వస్తూ పోతూ ఉంటుంది. ఎల్లప్ప పేరు మాత్రం సందంతా మారుమోగింది. మళ్ళీ నొప్పి మోకాళ్ళలోకి దిగేసరికి బుచ్చమ్మ అమాస రోజుకు ముహూర్తం పెట్టేసింది. ఈసారి మోకాళ్ళకు.

ఆ రోజుల్లోనే రాజమణి చేతిలోంచి ఒకటి రెండు గొట్టాలు జారి పగిలాయి. పెళ్ళి ఉంగరం వేలికి బిగుసుకుపోయి సబ్బు రాసినా రాలేదు. సింహానికి బెదరని గొర్రె, రాజమణి తాడు పట్టుకుంటే చాలు, వెనక్కి వెనక్కి పోయేది. "ఏం జేసినవమ్మా దాన్ని? నిన్ను జూస్తెనే గజ్జుమంటున్నది" అన్నాడు గుండయ్య. వేళ్ళు సరిగ్గా మడవక తాడు లాగి లాగి పట్టుకుంటోందని, ఆ లాగుడుకు గొర్రె మెడ ఒరుసుకుపోతోందని రాజమణికి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటంలో మనుషులంత గట్టివాళ్ళు ఇంకెవరూ లేరు. చల్లనీళ్ళలో పని, వయసు మీద పడుతోంది, ఇలా ఏదో ఒకటి చెప్పుకునేది.

సక్కుబాయికి చెప్పనక్కర్లేకపోయింది. ఒకనాడు పొద్దున్నే రాజమణి రెండు చేతులతో చెంబు పట్టుకుని నీళ్ళు తాగుతుంటే గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. దగ్గరకొచ్చి ఆమె వేళ్ళను తన వేళ్ళతో తడిమింది.

"నిన్ను గుడ పట్టుకున్నరా అక్కా?"

రాజమణి చెయ్యి లాక్కుంది. "ఎవరే పట్టుకునేది? పిచ్చి మాటలు మాట్లాడకు" అని లోపలికి పోయి తలుపేసుకుంది. గోడ మీద సిలువ ముందు నిలబడి ప్రార్థన చేయబోతే చేతులు ఒకదానితో ఒకటి కలవలేదు. దడ పుట్టింది. సక్కుబాయిని తాకినందుకే ఇలా అయిందేమోనన్న ఆలోచన వచ్చి, అలాంటి ఆలోచన వచ్చినందుకు ఇంకా భయపడింది. ఆ తర్వాత కొన్నాళ్ళు సక్కుబాయి కనపడితే తల దించుకుని పోయేది.

కాని అమాస దగ్గరపడుతుంటే మనసు ఒప్పుకోలేదు. వెళ్ళి సక్కుబాయి దగ్గర మళ్ళీ రక్తం తీసుకొచ్చింది. "ఇదే ఆఖరు బిడ్డా" అంది బుచ్చమ్మ. "అమాస నాడు పగటీలి వరకు చూస్త. జబ్బని చెప్తివా, ఆపుత. లేదా, ఇగ నువ్వు నడిమిట్ల రావద్దు."

అమాస పొద్దున రాజమణి ల్యాబుకు వచ్చేసరికి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని డాక్టర్ వైకుంఠం బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆ ఆసుపత్రి పెట్టిన బట్టల వ్యాపారుల కుటుంబమే ఆయనది. సెలవు ఇంకా ఉన్నా ఇంట్లో ఊపిరాడక వచ్చేశానని నవ్వాడు. నవ్వుతూనే గొట్టాల కింద అద్దం జరుపుకుని వంగాడు. నవ్వు పోయింది.

"ఇద్దరు పేషెంట్లు ఉన్నరా ఇయ్యాల?"

"లేదు సార్. ఒక్కామెనే. మొదటి వరస."

"ఈమెకు గట్టిగానే ఉన్నది. సరే, మందులు మొదలుపెడదాం. కని నార్మల్ పెట్టే చోట ఈ చివరి వరస ఎవరిది? ఈమె కన్న మస్తు ముదిరింది. ఇయ్యాలనే పిలిపియ్యమ్మా, కీళ్ళు పాడైపోతయ్."

"సార్" అంది రాజమణి. "సార్, అది నార్మల్ వరస."

వైకుంఠం మళ్ళీ అద్దంలోకి చూశాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి, నీళ్ళు కారుతున్న కంటితో ఆమె చేతుల వంక చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అని మాత్రం అడిగాడు.

ఆమె మోకాలు కూడా వాచి ఉంది. చీర కింద దాచుకుంటూ వచ్చింది. ఆయన కూర్చోబెట్టి, సూదితో మోకాలి కీలులోంచి కాస్త నీరు తీసి, గాజుపలక మీద ఒక చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. అలవాటు ఎంత పాడుదంటే, రాజమణి కుంటుకుంటూ లేచి తనే ముందు చూసింది. తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయి. ఒక్కోదాని లోపలా నల్లటి గింజలు, కడుపు పగిలేంతగా తిని కూర్చున్నట్టు. కొన్ని పగిలిపోయి లోపలిదంతా బయట పడి ఉంది. మిగతావి ఇంకా మెల్లగా పాకుతున్నాయి.

"ఏం తింటున్నయ్ సార్?"

"నిన్నే" అన్నాడాయన. తర్వాత ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నట్టు మెల్లగా చెప్పాడు. "చూడమ్మా. బయటినుంచి వచ్చిన దొంగను పట్టుకోనీకి రక్తంల కావలివాళ్ళుంటరు, యాంటీబాడీలు. ఈ జబ్బుల కొత్త కావలివాళ్ళు పుట్టుకొస్తరు. వాళ్ళు దొంగను పట్టరు. పాత కావలివాళ్ళనే పట్టుకుంటరు. మనం గొర్రె కణాల మీద కుందేలు యాంటీబాడీలు పూసి పెడతం గదా, వాటిని గుడ అట్లనే పట్టుకుంటరు. అదే నువ్వు చూసే తివాచీ. ఒంట్లనేమో పట్టుకున్నోళ్ళు, పట్టుబడ్డోళ్ళు ముద్దగట్టి కీళ్ళల్ల చేరుతరు. ఆ ముద్దను తినేద్దామని తెల్లకణాలు వస్తయి. తిని, తినలేక, అరిగించే రసాలన్నీ అక్కడనే కక్కుతయి. ఆ రసానికి మనవాళ్ళు, పరాయివాళ్ళు అని తెల్వదు. కీలు లోపలి పొర ఉబ్బి గడ్డిలెక్క ఎముక మీదికి పాకుతది. ఎముకను తినేస్తది."

"పొద్దుగాలనే ఎందుకు సార్ పట్టుకుంటరు?" అంది రాజమణి. ఆ మాట తనది కాదని, నల్లా దగ్గర విన్నదని అన్న తర్వాత గుర్తొచ్చింది. బయటోల్లు గాదక్కా. చదువులేని పిల్ల రోగం వచ్చిన కొత్తలోనే చెప్పింది. చెబితే నవ్వింది తను. మళ్ళీ అద్దంలో చూసి ఏమీ లేదని రాసింది. సిగ్గుతో చెంపలు మండిపోయాయి. గోడ గడియారం వంక చూసింది. మధ్యాహ్నం కావొస్తోంది.

సైకిల్ రిక్షాలో లాల్‌దర్వాజా చేరేసరికి లోగిలి మధ్య కుంపటి రాజుకుని ఉంది. చాప మీద సక్కుబాయి, చీర మోకాళ్ళ పైకి జరిపి, కొంగు నోట్లో కుక్కుకుని. అంజన్న వెనకనుంచి భుజాలు పట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. చుట్టూ వాటాలవాళ్ళు. ఎల్లప్ప కడ్డీని నిప్పుల్లో తిప్పుతున్నాడు.

"ఆగు ఎల్లప్పా! తేలింది. సక్కుకు జబ్బే. రక్తంల ఉన్నది. గాలి గాదు, నాటకం గాదు."

బుచ్చమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మొన్న ఏం లేదంటివి. ఇయ్యాల ఉన్నదంటున్నవ్. దీన్ని తప్పియ్యనీకి అబద్ధమాడుతున్నవా? నీ ఏ మాట నమ్మాలె బిడ్డా?"

"మొన్న నా రక్తంతోని పోల్చి చూసిన అవ్వా. నాది మంచిదనుకున్న. గాదు. నాకు గుడ గదే జబ్బున్నది. ఇద్దరిదీ ఒక్కతీర్గ కనపడితే ఏం లేదని రాసిన. తప్పు నాది."

బుచ్చమ్మ దగ్గరకొచ్చింది. "పిడికిలి ముయ్యి" అంది.

రాజమణి ముయ్యబోయింది. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. కణుపులు ఉబ్బి మెరుస్తున్నాయి. బుచ్చమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇదే పిడికిలి నెలల తరబడి కోడలు చూపిస్తే వెటకారం చేసిన మనిషి, ఇప్పుడు ఎల్లప్ప వంక చూసింది.

"జెప్పిన గద అవ్వా" అన్నాడు ఎల్లప్ప. "గాలి ఒక్కతాన ఉండది. ఒగరి మీదికెల్లి ఇంకొగరి మీదికి దుంకుతది. ఇద్దరికి పెడితేనే పోతది. గామెను గుడ కూసోబెట్టుండ్రి."

రాజమణి చుట్టూ చూసింది. రోజూ నల్లా దగ్గర పలకరించే మొహాలే. పండక్కి కేకు పంచితే నవ్వుతూ పుచ్చుకున్న చేతులే. ఇప్పుడు అందరూ ఆమెను ఎరగనట్టు చూస్తున్నారు. ఎవరో వెనకనుంచి మోచెయ్యి పట్టుకున్నారు. గట్టిగా కాదు. నిమ్మళంగా. ఆ పట్టుకు ఆమె ఒళ్ళంతా చల్లబడిపోయింది.

అప్పుడు సక్కుబాయి, కొంగు నోట్లో ఉండగానే, కొద్దిగా పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.

రాజమణి మోచెయ్యి విడిపించుకుని వచ్చి కూర్చుంది. వాచిన కాలు చాపి సక్కుబాయి మోకాళ్ళకు అడ్డంగా పెట్టింది. "ముందుగాల నాకు పెట్టు" అంది. కాలు తీయలేదు.

ఎల్లప్ప కడ్డీ ఎత్తాడు. అంజన్న ఒక్క ఉదుటున లేచి వాడి మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు! సర్కారు నౌకరి చేసేటోని పెండ్లాం. దవఖాన మనిషి. రేపు పోలీసోల్లొస్తే ఎవడు జవాబిస్తడు?" చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. బుచ్చమ్మే చెంబెడు నీళ్ళు తెచ్చి కుంపట్లో పోసింది. సక్కుబాయి మణికట్లు కాలుస్తున్నప్పుడు మాత్రం ఆ లోగిట్లో ఎవరికీ పోలీసులు గుర్తు రాలేదు.

పొగ తగ్గి, జనం పల్చబడ్డాక సక్కుబాయి నోట్లోంచి కొంగు తీసింది. "నీకొస్తేగని నాకొచ్చింది నిజం గాలే గదక్కా" అంది. కోపంగా అనలేదు. అదే రాజమణి తట్టుకోలేకపోయింది, ఏడ్చేసింది. సక్కుబాయి ఆ ఏడుపు అయ్యేదాకా ఆగి ఇంకో మాట అడిగింది.

"నా లెక్క ఇంకెవరికన్న చెప్పినవా, ఏం లేదని?"

సక్కుబాయికి వైకుంఠమే మందులు మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకే రిక్షాలో ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకుని వచ్చేవాళ్ళు. కొన్ని నెలలకు ఆమె చేతుల్లో మళ్ళీ పూలు కదిలాయి, మునుపటంత చురుగ్గా కాకపోయినా. నార్మల్ వరసకు గుండయ్య రక్తం ఇస్తున్నాడు, దాన్ని కూడా ఇంకో ఇద్దరితో సరిచూస్తున్నారు. ఏమీ లేదని పంపేసిన వెనకటి వాళ్ళందర్నీ పిలిపించమన్నాడు వైకుంఠం. పిలిపించడానికి ధర్మాసుపత్రిలో ఎవరి ఇల్లెక్కడో రాసుకునే అలవాటే లేదు. టోకెన్ బిళ్ళ ఇస్తారు, చూసి వెనక్కి తీసుకుంటారు. తమంతట తాము మళ్ళీ వచ్చినవాళ్ళు కొందరు. ఏమీ లేదని చెప్పిన చోటికి మళ్ళీ ఎవరొస్తారు?

రాజమణికి వాళ్ళ మొహాలు గుర్తు లేవు. కాగితం కోసం కిటికీలోంచి చాపిన చేతులు గుర్తున్నాయి. తెల్లవారుతుండగా మెలకువ వచ్చేసరికి ఆమె వేళ్ళు అప్పటికే పట్టుబడి ఉంటాయి. ప్రకాశం పక్కన నిద్రపోతుంటాడు. కదలకుండా పడుకుని వాళ్ళను తలుచుకుంటుంది. ఈ సందుల్లోనే ఎక్కడో, సైదాబాదులోనో, ఇంకా అవతలో, వాళ్ళు కూడా ఇదే గడియకు కళ్ళు తెరిచి, మూతపడని చేతుల్ని మొహం ముందు పెట్టుకుని చూస్తుంటారు. ఇంట్లోవాళ్ళు వాళ్ళను నమ్మరు. దవఖానలో ఏమీ లేదని చెప్పారు మరి. చెప్పింది రాజమణే.